నాగళ్ళ వరసలో బండి

అక్టోబరు 28, మంగళవారం

మంచు. మా నాన్న కాలంలో కూడా ఇంత మంచు లేదు. పొద్దెక్కినా ఇంటి ముందు పనసచెట్టు బూడిద ముద్దలాగే ఉంది.

సోములమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఎక్సెల్ బండి మీద చోళ్ళు పిండి ఆడించడానికి మిల్లుకు తీసుకెళ్ళాను. బడి మలుపు దగ్గర దూడ అడ్డం వచ్చింది. గోధుమరంగు దూడ. ఎవరిదో, కట్టేసుకోరు. తప్పించాను. సోములమ్మ కేక వేసి బండి మీంచి దూకేసింది. ఆపి వెనక్కి చూస్తే రోడ్డు పక్కన వంగి ఏదో మాట్లాడుతోంది. దూడతో కాబోలు. పశువులతో మాట్లాడటం ఆమెకు అలవాటే.

మళ్ళీ బండి ఎక్కలేదు. "నడిసొత్తాను. మోకాళ్ళు పట్టీసినాయి" అంది. చోళ్ళ మూట ఒక్కటే నాతో వచ్చింది.

నవంబరు 3

పెన్ను మంచిది కాదు. ఇంకు పల్చగా పడుతోంది.

నవంబరు 7, శుక్రవారం

అరకు సంతలో కొత్త పెన్ను కొన్నాను. ఇదీ అంతే. ఇప్పుడు వస్తువులన్నీ ఇలాగే వస్తున్నాయి.

సోములమ్మ సంతకు జీపులో వచ్చింది. ఇంట్లో బండి ఉండగా జీపెందుకో. నేను అడగలేదు.

నవంబరు 10

కాఫీ పళ్ళు ఏరడం మొదలైంది. ఎర్రగా పండినవే ఏరాలి. పచ్చికాయలు కలిస్తే బస్తా మొత్తానికి ధర తగ్గిస్తారు. అసిరమ్మ నా బుట్టలో చెయ్యి పెట్టి కలియబెట్టింది. సోములమ్మకు పినతల్లి కూతురు, నాకు మరదలి వరస. మొగుడు పోయి చాలా కాలమైంది, నోరు మాత్రం పోలేదు.

"కాఫీకి ఏరినావా బావా, పచ్చడికి ఏరినావా?" అంది.

తోటంతా నవ్వారు. సోములమ్మ నవ్వలేదు. నా బుట్ట తన ముందుకు లాక్కుని పచ్చివన్నీ ఏరి పారేసింది.

ఈ ఏడు పళ్ళకు రంగు సరిగ్గా తిరగలేదు. మంచు వల్ల.

నవంబరు 12, బుధవారం

సోములమ్మ తోటకు రాలేదు. ఒళ్ళు వెచ్చగా ఉందంది. సాయంత్రం నేను వచ్చేసరికి బాగానే ఉంది, చోడి అంబలి కాస్తోంది. పాకలో బండి ఇంజను తగిలి చెయ్యి చురుక్కుమంది. ఎండకు కాబోలు.

నవంబరు 15, శనివారం

ఫోనులో ఇంగ్లీషు మెసేజి వచ్చింది. బ్యాంకుదేమో.

నవంబరు 17, సోమవారం

ఇది రాసే సంగతి కాదు. అయినా రాస్తాను. రాయకపోతే ఎవరితోనో అనేస్తానని భయం.

అరకులో బస్టాండు పక్కన కామేష్ కంప్యూటరు పెట్టుకున్నాడు. ఆధారు, కరెంటు బిల్లు, అన్నీ అతనే చూస్తాడు. ఫోను చూపించాను.

"తాతా, నీ బండికి చలానా పడినాది. హెల్మెట్ నేదట. మొన్న బుధవారం. ఆసుపత్రి జంక్షన్."

"నేను తోటలో ఉన్నాను."

"నువ్వు తోటలో ఉండు తాతా. బండి టౌనుకొచ్చినాది."

పేరు చదివాడు. కొర్రా బొంజు. నంబరు చదివాడు. నాదే. కానిస్టేబులు ఫోటో తీశాడట. కంప్యూటరు నా వైపు తిప్పాడు. మొహం దగ్గరగా పెట్టి చూశాను. తెల్లటి వెలుగు, మధ్యలో నల్లటి ముద్ద.

"ఫోటో సరిగా రాలేదు" అన్నాను.

"రాకపోవడమేటి! నంబరు ప్లేటు మీద బురద సుక్క కూడా కనబడతంది."

"తోలింది ఎవరు?"

కామేష్ నా వైపు చూశాడు. నేను తమాషా చేస్తున్నాననుకున్నాడు.

"నన్నడుగుతావేటి? మీ ఇంటామె కదేటి! మామ్మ! కొంగు నడుంకి బిగించీసి, ఎలా కూకున్నాదో సూడు, బస్సు డ్రైవరులాగ."

నా చేతిలో గొడుగు కింద పడింది. తీసుకోవడానికి వంగి చాలాసేపు లేవలేదు.

పెళ్ళయిన నాటి నుంచి ఆమె సైకిలు తొక్కగా కూడా చూడలేదు నేను.

కామేష్ మూడు దారులు చెప్పాడు. డబ్బు కట్టేయడం. కట్టేస్తే క్లోజ్ అయిపోతుంది, ఇక ఆ ఫోటో ఎవరూ చూడరు. లేదా ఆ బండి మాది కాదని కంప్లైంటు పెట్టడం, అప్పుడు పోలీసులు వచ్చి బండి చూస్తారు. లేదా ఊరికే వదిలేయడం. అప్పుడు ఎప్పుడైనా దారిలో బండి ఆపేస్తారు.

"నేనే తోలానని చెప్తే?" అన్నాను.

"చీర కట్టుకుని ఎల్లినానని చెప్తావేటి తాతా?"

వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నడుం సంచిలోంచి డబ్బు తీశాను. మళ్ళీ లోపల పెట్టాను. ఊరికి చెప్పకుండా బయటివాళ్ళు వేసిన తప్పు, జరిమానా, కట్టడం మాలో లేదు. ముందు ఊరిపెద్ద నాయుడికి చెప్పాలి. చెప్తే కాగితం అడుగుతాడు. కాగితం మీద ఫోటో ఉంది. కామేష్ దాన్ని ప్రింటు తీసి ఇచ్చాడు. మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను.

నవంబరు 18

చైత్రంలో నేనే పెట్టాను కదా.

ఇటుకల పండుగకు ఊళ్ళో నాగళ్ళు, గొడ్డళ్ళు, గునపాలు వరసగా పెడతాం. దిసారి వచ్చి పూజ చేస్తాడు. ఆయన ముహూర్తం చెప్పకుండా మా ఊళ్ళో విత్తనం పడదు. ఆ రోజు నా బండి కొత్తది. మోజు. ఎవరూ చెప్పకపోయినా తోసుకెళ్ళి నాగళ్ళ వరసలో నిలబెట్టాను. దిసారి పసుపు బియ్యం చల్లాడు. చక్రానికి కోడి రక్తం పెట్టాడు. నాయుడు ఫల్గుణ, సోములమ్మకు అన్న, నవ్వి, "బావా, ఇంక ఇదీ నాగలే" అన్నాడు. అందరం నవ్వాం.

నవ్వుతూ అన్నా పసుపు పసుపే.

నాగలి ఆడది పట్టకూడదు. బండి వెనక కూర్చోవచ్చు. పట్టకూడదు. మొగుడు పోయిన ఏడు అసిరమ్మ దుక్కికి ఎవరూ రాక తనే నాగలి పట్టింది. ఊరు తప్పు కింద ఆమె మేకను పట్టుకుంది. ఏడాది పాటు ఆమె పొయ్యిలోంచి ఎవరూ నిప్పు తెచ్చుకోలేదు. దారిలో ఎదురుపడితే పక్కకు జరిగేవారు.

ఇప్పుడు సోములమ్మ.

నేనే పెట్టాను కదా.

నవంబరు 19

అడగలేదు.

నవంబరు 20

అడగలేదు.

ఆసుపత్రి జంక్షన్ అన్నాడు కామేష్. నాగలి గొడవలో ఆ మాట మీద మనసు పోలేదు. ఆసుపత్రికి ఎందుకు వెళ్ళింది? నాకు తెలియకుండా, బండి నేర్చుకుని మరీ వెళ్ళేంత జబ్బేమిటి?

అన్నం తింటుంటే చూస్తూ కూర్చున్నాను.

"ఏటలా సూత్తన్నావు? తినవేటి?" అంది.

మామూలుగానే తింటోంది. పచ్చిమిరపకాయ కూడా కొరుక్కుంది. జబ్బు మనిషి మిరపకాయ కొరుకుతుందా?

నవంబరు 21, శుక్రవారం

ఫల్గుణ సంత నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. కామేష్ చెప్పాడట, చలానా సంగతి. ఎవరు తోలారో మాత్రం చెప్పలేదు. ఆ కుర్రాడు మంచివాడు.

"ఏటి బావా, పోలీసోలు నీకు తప్పేసినారట! నాకు చెప్పవేటి?"

"చిన్నదే" అన్నాను.

"చిన్నదైనా పెద్దదైనా ఊరిది కాదేటి? నిండు నెలల గుంటని ఆసుపత్రికి దింపింది ఆ బండే. దిసారిని ఎక్కించుకొచ్చింది ఆ బండే. ఆదివారం కూకుందాం. కాగితం తే. తలా ఇంత ఏసి కట్టీద్దాం."

తిట్టినా బాగుండేది.

సోములమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. అన్న వెళ్ళాక నన్ను ఏమీ అడగలేదు. కాగితం నా చొక్కాలో చెమటకు మెత్తబడింది.

నవంబరు 22, శనివారం

తోటకని బయలుదేరి సగం దారిలో వెనక్కి వచ్చాను. పెరటి వెనక, కాఫీ ఆరబోసిన కళ్ళం దగ్గర నిలబడ్డాను. పాకలో బండి స్టార్టయింది. రోడ్డెక్కింది. నాకు కనబడలేదు, వినబడింది. మలుపులో నేనైతే బ్రేకు వేసి, మళ్ళీ రేజు చేసి, తంటాలు పడతాను. ఈ చప్పుడు ఎక్కడా తెగలేదు. దారం లాగినట్టు పోయింది.

బాగా తోలుతోంది. నా కన్నా బాగా.

అక్కడే కూర్చుండిపోయాను. తిరిగి వచ్చేదాకా లేవలేదు.

"తోటకెల్లలేదేటి?" అంది.

"ఎక్కడికెల్లినావు?"

"మాధవి దగ్గరికి." మాధవి మా సబ్‌సెంటరు నర్సు.

"బండి మీదేనా?"

"సూసినావా?" అంది.

"సూసినాను."

"సూత్తే చెప్పు. నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?"

తోటకు, పనికి రోజూ కట్టేది పచ్చదే. "పచ్చది" అన్నాను.

దగ్గరకు వచ్చి కొంగు నా మొహం మీదకు తెచ్చింది. బట్ట ముక్కుకు తగిలింది.

"ఎరుపు. మన గుంట పెళ్ళికి కట్టిన ఎరుపు."

"మంచులో తెలీలేదు."

"మంచేది? ఎండ కాత్తంది. నువ్వు కూకున్నది ఎండబెట్టిన పళ్ళ పక్కనే."

చెయ్యి చాపి చూశాను. పళ్ళు వెచ్చగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది, నా వీపు కూడా కాలుతోంది.

"నీకేటి జబ్బు? ఆసుపత్రికెందుకెల్లినావు?" అన్నాను. అదొక్కటే నోటికి వచ్చింది.

"నాకేటి జబ్బు? గుండ్రాయిలాగున్నాను. నీ కళ్ళ కోసం ఎల్లినాను. నీ పేరు రాయించినాను. వచ్చే గురువారం వైజాగునుంచి వేను వత్తాదట. సుక్లాలట. కోసి తీసేత్తారట."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏటంటావు? మంచంటావు. పెన్నంటావు. కాఫీ పళ్ళు పండలేదంటావు."

అన్నీ విన్నది. నేను పైకి అన్నానని కూడా గుర్తులేదు.

బండి మాధవి నేర్పిందట. సెలవు రోజుల్లో బడి గ్రౌండులో. నేను తోటలో ఉన్నప్పుడు.

"నాగలి మాట మరిచిపోయినావా?" అన్నాను.

"మరవలేదు. దూడ మాటా మరవలేదు."

"ఏ దూడ?"

"బడి మలుపులో తప్పించినానని ఇంటికొచ్చి చెప్పినావే, ఆ దూడ." కొంగుతో మొహం తుడుచుకుంది. "అది దూడ కాదు. భాను. మా అన్న మనవరాలు. బడికెల్తంది. స్వెట్టరు ఏసుకున్నాది. గోతిలోకి గెంతీసింది కాబట్టి ఉన్నాది."

అదే రోజు, మళ్ళీ

దూడే. చెవులున్నాయి. తోక కూడా చూశాను కదా.

నవంబరు 23, ఆదివారం

పొద్దున ఫోను తీశాను. కామేష్‌కి ఒక్క మాట చెబితే చాలు. డబ్బు కట్టేస్తాడు, చలానా క్లోజ్. ఊళ్ళో అయిపోయిందని చెప్పొచ్చు. సోములమ్మ నాగలి మాటా పైకి రాదు. దూడ మాట అంతకన్నా రాదు. అది తెలిసింది ఆమెకు, పిల్లకు. పిల్ల ఇన్నాళ్ళూ చెప్పలేదు.

బొత్తాలు కనబడలేదు. కనబడినా చేసేవాణ్ణి కాదని రాసుకోవాలని ఉంది. తెలియదు.

రచ్చబండ దగ్గర మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడవార. ఫల్గుణ డబ్బులు వేయడానికి తన తువ్వాలు పరిచాడు.

"కాగితం తే బావా."

ఇచ్చాను. విప్పాడు. చూశాడు. తువ్వాలు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇది మా చెల్లి కాదేటి?"

కాగితం చేతులు మారింది. దిసారి దాకా వెళ్ళింది. ఆయన ముట్టుకోలేదు, వంగి చూశాడు. "నాగలి పట్టినాది" అన్నాడు. ఎవరో "మేక" అన్నారు. ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

నేను కూటంలో ఎప్పుడూ లేవలేదు. స్తంభం వెనక కూర్చుని వచ్చేస్తాను. ఇవాళ లేచాను.

"బండిని నాగళ్ళ కాడ పెట్టింది నేను. ఎవలూ పెట్టమనలేదు. తప్పు నాది" అన్నాను. కూర్చున్నాను.

ఫల్గుణ, "అది సరే బావా, పట్టింది ఎవలు..." అంటున్నాడు. మళ్ళీ లేచాను.

"ఇంకోటుంది. నీ మనవరాలిని తొక్కీబోయినాను. బడి మలుపులో. దూడనుకున్నాను. నాకు కళ్ళు కనబడవు."

నాకు మొహాలు కనబడవు కాబట్టి నిలబడగలిగాను. గోడవార నుంచి సోములమ్మ ఏడుపు ఒక్కటే వినబడింది.

ఫల్గుణ పిలిచాడు. "భానూ! బేగి రాయే!"

పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"తాత నీ మీదకి బండి తెచ్చినాడా?"

"తెచ్చినాడు."

"నాకు చెప్పలేదేటే?"

"మామ్మ బిస్కట్ పేకెట్టు ఇచ్చి చెప్పొద్దన్నాది. తాత ఆడుతున్నాడనుకున్నాను. దగ్గరకొచ్చినాక ఆట కాదని గెంతీసినాను."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. ఫల్గుణ పరిచిన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

దిసారి తేల్చాడు. పసుపుతో చేర్చినదాన్ని పసుపునీళ్ళతో తీసేయొచ్చు. బండి కడుగుతాడు. ఇక అది నాగలి కాదు. వచ్చే చైత్రంలో వరసలో పెట్టకూడదు. సోములమ్మ మీద తప్పు లేదు. నాకు తప్పు ఒక కోడి. పిల్ల ఇంట్లో వండాలి, పిల్ల చేతి అన్నం నేను తినాలి. తింటే ఆ మాట ఇక ఎవరూ ఎత్తకూడదు.

నాయుడి చెల్లెలు కాబట్టి అన్నారో, న్యాయమేనో. ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అసిరమ్మ లేచింది.

"బండి మీద నీళ్ళు పోత్తే పోయింది. బాగుంది. మరి నా నాగలి నాడు ఊళ్ళో నీళ్ళు నేవేటి?"

దిసారి గొడుగు తీసుకున్నాడు. ఫల్గుణ నేల చూస్తున్నాడని సోములమ్మ తర్వాత చెప్పింది. కూటం ముగిసిందని ఎవరూ అనలేదు. ఒక్కొక్కరే లేచి పోయారు.

నవంబరు 24

చలానా కట్టేశాను. నా డబ్బే. కామేష్ రసీదు ఇచ్చి, "మామ్మకి లైసెన్సుకి పెడదామా తాతా?" అన్నాడు. పెట్టమన్నాను. అది వచ్చేదాకా బండి పాకలోనే ఉంటుంది. తాళం సోములమ్మ మొలలో ఉంది.

నవంబరు 26

ఫల్గుణ ఇంట్లో కోడి వండారు. భాను నా ఆకులో అన్నం పెట్టింది.

"తాతా, ఇది అన్నం" అంది, నెమ్మదిగా, నాకు తెలియదేమోనని.

అందరూ నవ్వారు. ఫల్గుణ నవ్వలేదు. నాతో మాట్లాడలేదు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు మాత్రం తనే పోశాడు.

నవంబరు 27, గురువారం

వ్యాను. భయం.

డిసెంబరు 1, సోమవారం

ఇల్లు చేరాం. ఒక కంటికి అయింది. రెండోది సంక్రాంతి వెళ్ళాకట. నల్ల అద్దాలు పెట్టుకోమన్నారు. రాయొద్దన్నారు. కొంచెమే రాస్తాను.

పనసచెట్టుకు ఆకులున్నాయి. విడివిడిగా.

సోములమ్మ ముసలిదైపోయింది. నిజంగా ఉలిక్కిపడ్డాను. ఎప్పుడైందో. అదే అన్నాను.

"నువ్వు అద్దం సూసుకున్నావేటి?" అంది.

డిసెంబరు 3

అసిరమ్మ వచ్చి సోములమ్మను, "నాకూ నేర్పవే" అని అడుగుతోంది. సోములమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. అసిరమ్మకు నేను తల ఊపక్కర్లేదు గానీ ఊపాను.

డిసెంబరు 5

పొద్దున అరుగు మీద కూర్చున్నాను. మంచు లేదు. బడి పిల్లలు పోతున్నారు. భాను ఆగి చెయ్యి ఊపింది. గోధుమరంగు స్వెట్టరు. మోచెయ్యి దగ్గర ఆకుపచ్చ దారంతో కుట్టిన అతుకు. అరుగు మీంచి ఆ కుట్లు కూడా కనబడ్డాయి. దూడలా లేదు. ఎటు నుంచి చూసినా లేదు.

లోపలికి వచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. నా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇంకు పల్చగా ఏమీ లేదు, నల్లగా ఉంది. అక్టోబరు పేజీలో దూడ అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి భాను అని రాశాను. తప్పించాను అన్నది కూడా కొట్టేశాను.

ఎంత కొట్టేసినా కింద ఉన్నది చదవగలుగుతున్నాను.